తుడిచిన చెమ్మ

తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది.

చిట్టి భర్త భుజం ఆనించి నెట్టాడు. కదల్లేదు. వారమంతా ఇరుక్కుపోయిన లిఫ్టు తలుపులు తెరిచి జనాన్ని బయటికి లాగే మెకానిక్ ఆయన. ఆదివారం పొద్దున్నే సొంత పడకగది తలుపు దగ్గర ఓడిపోవడం ఆయనకేం బాగాలేదు.

"నెట్టకు బావా," లోపలి నుంచి చిట్టి అన్నయ్య అన్నాడు. "చెక్క లేచి అడ్డం పడింది. నెడితే తలుపు కూడా పోతుంది."

"పోనీ. ఇంకేం మిగిలిందని."

అన్నయ్య ఉలి అందుకున్నాడు. పావుగంట కింద పొట్ట బిగబట్టి, పక్కకి తిరిగి, ఆ సందులోంచే లోపలికి దూరాడతను. ఇరవై రెండేళ్లుగా నేలలు వేయడమే అతని పని. మొన్నటిదాకా ఒకరి కింద చేశాడు. సొంతంగా పట్టిన మొదటి పని ఈ బేస్‌మెంట్. సొంత చెల్లెలి ఇల్లు కదా, ఓ పట్టు ఎక్కువే పట్టి చేశాడు.

ఉలి దెబ్బ నాలుగుసార్లు వినిపించింది. చెక్క ఊడింది. తలుపు తెరుచుకుంది.

భర్త వెనకే చిట్టి లోపలికి వచ్చి నిలబడింది. పన్నెండు రోజుల కిందట ఇదే గదిలో చెప్పులు వదిలి, వట్టి కాళ్లతో ఈ మూల నుంచి ఆ మూలకి నడిచింది. ఇప్పుడు ప్రతి చెక్కా అంచులు పైకి లేచి, నడుమ గుంటపడి ఉంది. బయటి గోడ పక్కనైతే మరీ అన్యాయం. బీరువా ఓ వైపుకి ఒరిగింది. మంచం కాళ్ల కింద అట్టముక్కలు పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టి మూడు రోజులవుతోంది.

అన్నయ్య ఊడదీసిన చెక్కని తిరగేసి చూపించాడు. కింది వైపు నల్లగా మరకలు. నానబెట్టి మరిచిపోయిన గుడ్డ వాసన.

"చెమ్మ," అన్నాడు. "కింద నుంచే వస్తోంది."

"అది నాకూ కనబడుతోంది," అన్నాడు భర్త. "నువ్వు ముందే చూడాల్సింది కదా. అందుకే కదా మేస్త్రి అనేది."

"చూశాను బావా. ప్లాస్టిక్ షీటు పరిచి, చుట్టూ టేపు వేసి, మూడు రోజులు వదిలాను. నేలలో చెమ్మ ఉంటే షీటు అడుగున నీళ్లు పట్టాలి. పట్టలేదు. నా చేతులతో నేనే విప్పాను. కాంక్రీటు తెల్లగా, పొడిగా ఉంది. అందుకే కింద పల్చటి ఫోమ్ షీటొక్కటే వేశాను. తడి కనబడితే ఆ పని చేస్తానా?"

"మరి ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? మేం పోశామా?"

చిట్టి గోడ వైపు చూసింది. గోడ మొదట్లో తెల్లటి ఉప్పు పూత లేచింది.

మెట్ల మీద నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "అతన్నేం అనకురా. పని అన్నాక ఒక్కోసారి అవుతుంది."

ఆవిడ అలా వెనకేసుకు రావడం అన్నయ్యకి ఇంకా కష్టంగా తోచింది. తిట్టి ఉంటే ఏదో ఒకటి అనేవాడు.

"ఒక్కోసారి అవడానికి వీల్లేదు అత్తయ్యగారూ," అన్నాడు. "నాలుగింటికి స్కూలు ప్రిన్సిపాల్ గారు వస్తున్నారు. వాళ్ల కింది అంతస్తులో నాలుగు తరగతి గదులకి నేలలు వేయాలి. నా పని చూడాలంటే మా చెల్లెలింటికి రండి అని నేనే పిలిచాను."

"ఫోన్ చేసి వద్దని చెప్పు," అన్నాడు భర్త.

"ఏమని చెప్పను? ఇవాళ దాచి రేపు చిన్నపిల్లలు పరిగెత్తే చోట ఇలాంటి నేల వేయనా? రానీ. చూపిస్తాను. తప్పు నాదని చెప్తాను."

"చెప్తే పని పోతుంది."

"పోతుంది."

 భర్త పైకి వెళ్లిపోయాడు. తను పనిచేసే కంపెనీ గోదాంలో పెద్ద ఫ్యాన్లు ఉన్నాయని, ఒకటి అడిగి తెస్తానని, స్కూటర్ తాళాలు తీసుకున్నాడు. కోపం వచ్చినప్పుడు ఏదో ఒక సామాను తేవడానికి పోవడం ఆయన అలవాటు.

చిట్టి వంటింట్లో టీ పెట్టింది.

అత్తగారు అటు తిరిగి కూరగాయలు తరుగుతున్నారు. ఐదేళ్లుగా ఆ వంటింట్లో ఇద్దరూ ఒకరికొకరు అడ్డం రాకుండా తిరగడం నేర్చుకున్నారు. ఒకరు పొయ్యి దగ్గరుంటే ఇంకొకరు సింకు దగ్గర. గొడవల్లేవు. గొడవల్లేకుండా చూసుకోవడంలోనే ఇద్దరికీ రోజు గడిచిపోయేది.

"పైకి వచ్చేయండి," అన్నారు అత్తగారు. "మీ గది మీకుంది."

చిట్టి తలూపింది. గది ఉంది. కానీ వాళ్లు కిందికి దిగిన సాయంత్రమే ఆ గదిలోకి అత్తగారి కుట్టుమిషను, కత్తిరింపుల బల్ల చేరాయి. కర్టెన్ల గుడ్డ తాన్లు గోడ పొడుగునా నిలబడ్డాయి. మరీ అంత తొందరగా ఎలా సర్దారా అని చిట్టి అప్పుడే అనుకుంది. పెద్దగా పట్టించుకోలేదు.

"మిషను తీసేస్తాలే," అన్నారు ఆవిడ, అడక్కుండానే.

"తొందరేం లేదత్తయ్యా."

టీ పొంగబోయింది. చిట్టి గబుక్కున దించింది.

ఆమెని తినేస్తున్నది నేల కాదు. ఆ షీటు పరిచిన రెండో రోజు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా ఆమె కిందికి వెళ్లింది. లైటు వేసి వంగి చూసింది. షీటు అడుగున నీటి చుక్కలు, పై పెదవి మీద చెమట పట్టినట్టు, సన్నగా నిండుగా. నీళ్లు పడితే ఏం చేయాలో అన్నయ్య ముందే చెప్పాడు. బయట గోడ పక్కన మట్టి తవ్వి నీళ్లు పోయే దారి చేయాలి. వాన గొట్టం దూరంగా మళ్లించాలి. తర్వాత నాలుగు నెలలు నేలని ఆరనివ్వాలి. అప్పుడే చెక్క.

నాలుగు నెలలు అన్న మాట తలుచుకోగానే చిట్టికి ఏడుపొచ్చింది. ఈ బేస్‌మెంట్ మాట ఇంట్లో నలగడం మొదలై రెండేళ్లయింది. అమ్మ బాధపడుతుందని భర్త వాయిదా వేస్తూ వచ్చాడు. వేరే పొయ్యి, పక్క వీధిలోకి వేరే గుమ్మం, తను లోపలి నుంచి గడియ పెట్టుకోగల తలుపు. ఇంకేం అడగలేదు ఆమె.

ఒక పక్క టేపు లేపింది. చున్నీతో తుడిచింది. మళ్లీ అంటించింది.

ఆసుపత్రి లాబ్‌లో ఆమె పని పరీక్షలు చేయడమే. మూత వదులుగా ఉన్న రక్తం సీసాని మొన్ననే పక్కన పడేసి, నమూనా పాడైందని ఒక పెద్దాయన్ని మళ్లీ పిలిపించింది. ఆయన విసుక్కుంటే, తప్పు ఫలితం ఇవ్వలేనండీ అని నెమ్మదిగా నచ్చజెప్పింది. అలాంటి మనిషి చేసిన పని ఇది. మూడో రోజు సాయంత్రం లాబ్‌లో ఉండగా అన్నయ్య ఫోన్ చేసి "చుక్క నీరు లేదే చిట్టీ, నీ అదృష్టం" అంటే, నేల తనంతట తనే ఆరిపోయిందని తనకి తాను చెప్పుకుంది. అంత తేలిగ్గా నమ్మింది కూడా.

టీ పట్టుకుని కిందికి వెళ్లేసరికి అన్నయ్య గోడ వారన మూడు వరసలు ఊడదీశాడు. బయటపడ్డ కాంక్రీటు మీద రుమాలంత ప్లాస్టిక్ ముక్క ఒకటి అంటించి ఉంది.

"అన్నయ్యా, ఆ షీటు నేను తుడిచాను."

అతను గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. "ఏ షీటు?"

"నువ్వు పరీక్షకి పరిచింది. రెండో రోజు చూస్తే అడుగున అంతా నీళ్లే. తుడిచేశాను."

 అతను టీ మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"పొద్దుట్నుంచీ మీ ఆయన చేత చీవాట్లు తింటున్నాను," అన్నాడు. "నువ్వు పక్కనే నిలబడి ఉన్నావు."

"తప్పయింది."

"నాలుగు నెలలు ఆగమంటాననే కదా."

"నాలుగు రోజులు కూడా ఆగలేకపోయానన్నయ్యా."

"అంత బాధ పెట్టారా వీళ్లు?"

"లేదు. ఎవరూ ఏం అనలేదు. ఐదేళ్లలో ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. ఎందుకో ఊపిరాడేది కాదు."

అన్నయ్య నుదురు రుద్దుకున్నాడు. అతనికి కోపం వచ్చిన మాట నిజం. కానీ కోపంలో కూడా అతని బుర్ర నేల మీదే పనిచేస్తుంది.

"ఎప్పుడన్నావు తుడిచింది?"

"రెండో రోజు సాయంత్రం. ఆరున్నర, ఏడు."

"నేను విప్పింది మూడో రోజు అయిదింటికి. మధ్యలో ఒక రాత్రి, ఒక పగలు." అతను వంగి, కాంక్రీటు మీది ప్లాస్టిక్ ముక్కని వేలితో తట్టాడు. "ఇది పొద్దున తొమ్మిదింటికి అంటించాను. ఇప్పుడు ఒంటిగంట. చూడు."

ముక్క అడుగున అప్పుడే పొగమంచులా పట్టింది. మధ్యలో చుక్కలు కూడుకుంటున్నాయి.

"నాలుగు గంటలకే ఇలా ఉంటే, నువ్వు తుడిచింది రాత్రికి రాత్రే మళ్లీ పట్టేసి ఉంటుంది. నేను వచ్చేసరికి నీళ్లు కారుతూ ఉండాలి. పొడిగా ఉందంటే, నేను రావడానికి కాస్త ముందు ఎవరో విప్పి తుడిచారు. తుడవడం కాదు, ఆరబెట్టారు."

"ఎవరు?"

"నాకేం తెలుసు? ఒకటి మాత్రం గుర్తుంది. నేను టేపు పళ్లతో కొరుకుతాను. ఆ రోజు చివరలు కత్తెరతో కత్తిరించినట్టు తిన్నగా ఉన్నాయి. ఇంత బాగా ఎప్పుడు వేశానా అని నాకు నేనే మెచ్చుకున్నాను."

చిట్టి అక్కడే చెక్కల కట్ట మీద కూలబడింది. ఆ రోజు ఇంట్లో ఉన్నది ఎవరో ఆమెకు తెలుసు. అన్నయ్యకీ తెలుసు. 

పై గదిలో మిషను ఆడుతోంది. చిట్టి గుమ్మంలో నిలబడితే అత్తగారు కాలు ఆపారు.

"అత్తయ్యా, ఒకటి అడుగుతాను. రెండో రోజు ఆ షీటు నేను తుడిచాను. అన్నయ్యకి చెప్పేశాను. మూడో రోజు ఎవరు తుడిచారు?"

అత్తగారు దారం తెంపారు. సూది కింద నుంచి గుడ్డ లాగి, మడత పెట్టి, ఒళ్లో పెట్టుకున్నారు. కళ్లజోడు తీశారు.

"పొద్దున ఒకసారి," అన్నారు. "మధ్యాహ్నం ఒకసారి. మూడున్నరకి మళ్లీ విప్పి, గంట సేపు ఫ్యాను పెట్టాను. నాలుగున్నరకి టేపు వేశాను."

 ఇంత లెక్కగా చెప్తారని చిట్టి అనుకోలేదు.

"ఎందుకత్తయ్యా?"

"నువ్వెందుకు తుడిచావో అందుకే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు అత్తగారికి నవ్వొచ్చింది, తర్వాత చిట్టికి. అది ఎంతోసేపు నిలవలేదు.

"మేం దిగేటప్పుడు ఏడ్చారు కదా మీరు," అంది చిట్టి.

"ఏడుపూ నిజమే. వాడు నా కొడుకు కాదా?" ఆవిడ గుడ్డ అంచుని గోటితో సాఫు చేశారు. "నువ్వు మంచిదానివే. అదే వచ్చింది చిక్కు. చెడ్డదానివైతే నాలుగు కేకలేసి ఊరుకునేదాన్ని. మంచిదానితో ఏం పోట్లాడను? ఐదేళ్లనుంచీ నా ఇంట్లో నేను గట్టిగా రేడియో పెట్టుకోలేదు. నువ్వు నైట్ డ్యూటీ చేసి పడుకుని ఉంటావని మిషను కుట్టలేదు. నాకంటూ ఒక గది ఉంటే చాలనిపించింది."

"చెప్తే నేను అద్దె ఇల్లైనా చూసుకునేదాన్ని."

"నువ్వు చెప్పావా నాకు?"

 ఆ మాట చిట్టికి గట్టిగా గుచ్చుకుంది. తను ఎవరి నుంచి పారిపోవాలనుకుందో, ఆ మనిషీ తన నుంచి అలాగే పారిపోవాలనుకుంది. న్యాయంగా చూస్తే ఇద్దరూ సమానమే. అయినా చిట్టికి బాధేసింది.

"వాడికి చెప్పకు," అన్నారు అత్తగారు, గొంతు తగ్గించి. "అమ్మ తట్టుకోలేదని రెండేళ్లు నిన్ను ఆపాడు. ఆ అమ్మే వెళ్లిపొమ్మని నేల తుడిచిందని తెలిస్తే వాడు ఏమైపోతాడు? నీది నువ్వు చెప్పుకో. నాది వదిలేయ్."

చిట్టి సరేనంది. ఈ ఇంట్లో సరేననడం ఆమెకు బాగా అలవాటు.

ప్రిన్సిపాల్ గారు నాలుగింటికి అయిదు నిమిషాల ముందే వచ్చారు. పొట్టి మనిషి ఆవిడ, భుజాన పెద్ద సంచి. మెట్లు దిగి, గది మధ్యలో నిలబడి, లేచిన చెక్కల్ని చెప్పు మొనతో ఒకసారి నొక్కి చూశారు. భర్త అప్పుడే ఫ్యాను మోసుకొచ్చి గోడకి ఆనించాడు. అత్తగారు కూడా మర్యాద కోసం కిందికి వచ్చారు.

"ఇదేనా మీ పని?" అన్నారు ప్రిన్సిపాల్.

"ఇదేనండీ," అన్నాడు అన్నయ్య. "చెమ్మ ఉన్న నేల మీద చెక్క వేశాను. తప్పు..."

"తప్పు అన్నయ్యది కాదండీ," అంది చిట్టి. "తను షీటు పరిచి పరీక్ష పెట్టాడు. నేను షీటు అడుగున నీళ్లు తుడిచేశాను."

భర్త ఫ్యాను వైరు చుడుతున్నవాడల్లా ఆగాడు.

"నువ్వా?"

"నేనే. కిందికి రావాలన్న తొందరలో తుడిచాను."

భర్త మొహం ఎర్రబడింది. పరాయి మనిషి ఉందని ఊరుకున్నాడు. ప్రిన్సిపాల్ గారు మాత్రం ఊరుకోలేదు. ముప్పై ఏళ్లు పిల్లల సాకులు విన్న మనిషి ఆవిడ.

"ఒకసారి తుడిస్తే మళ్లీ పట్టదా?" అన్నారు.

అన్నయ్య తల వంచుకున్నాడు. చిట్టి అత్తగారి వైపు చూడకుండా జాగ్రత్తపడింది.

"మూడో రోజు కూడా తుడిచాను. మూడు నాలుగుసార్లు. ఫ్యాను పెట్టి ఆరబెట్టాను."

ప్రిన్సిపాల్ గారు ఆమెని తేరిపార చూశారు. తర్వాత అన్నయ్య వైపు తిరిగారు.

"మా గదుల్లో కూడా షీటు పరుస్తారా?"

"పరుస్తానండీ. ఈసారి వారం. రోజూ వచ్చి చూసుకుంటాను. చెమ్మ కొలిచే మీటరు పెట్టి కూడా చూస్తాను."

"పరవండి. తాళం నా దగ్గర ఉంటుంది. నీళ్లు పడితే చెక్క వద్దు, టైల్సే వేద్దాం. బుధవారం రండి." సంచి భుజానికి తగిలించుకున్నారు. "నేల చూడమని పిలిచి ఇల్లంతా చూపించారు మీరు."

ఆవిడ్ని గుమ్మం దాకా సాగనంపడానికి అన్నయ్య వెళ్లాడు. చిట్టికి ఒక్కసారి ఒళ్లు తేలికైంది. అన్నయ్య పేరు నిలబడింది, ఇక తనని ఎవరేమన్నా పడొచ్చు అనుకుంది.

భర్త వైరు కింద పడేశాడు.

"మూడో రోజంటే మంగళవారం," అన్నాడు. "ఆ రోజు నీ బండి పాడైంది. పొద్దున ఏడింటికి నేనే దింపాను. సాయంత్రం ఆరింటికి నేనే తీసుకొచ్చాను. ఎప్పుడు తుడిచావు?"

చిట్టి నోరు తెరిచింది. అబద్ధం ఒకటి ఆడాక రెండోది వెంటనే అందలేదు.

ఆయన కేకలేయలేదు. లిఫ్టు ఎందుకు ఆగిందో వెతికేటప్పుడు వైరు వెంట చూపు పోనిచ్చినట్టు, చిట్టి మొహం నుంచి తల్లి మొహానికి నెమ్మదిగా వచ్చాడు.

"మంగళవారం ఇంట్లో నువ్వొక్కదానివే ఉన్నావు కదమ్మా."

"ఉన్నాను," అన్నారు అత్తగారు.

ఆయన తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. చిట్టికి ఆయన్ని చూస్తే జాలేసింది. ఇద్దరాడవాళ్ల మధ్య నలిగిపోతున్నానని ఐదేళ్లు అనుకున్న మనిషి. తీరా చూస్తే ఆ ఇద్దరూ ఒకే పని, ఒకరికి తెలియకుండా ఒకరు చేశారు.

"ఈ చెక్కంతా పీకాలి," అన్నాడు. "బయట తవ్వాలి. నాలుగు నెలలు ఈ గది పనికిరాదు. సరే, నువ్వే చెప్పమ్మా. మేం పైకి రావాలా, వద్దా?"

రమ్మంటారనే చిట్టి అనుకుంది. పొద్దున అన్నారు కూడా. ఎవరైనా ఆ మాటే అంటారు.

అత్తగారు కొడుకుని చూశారు. కోడల్ని చూశారు.

"వద్దురా," అన్నారు.

గట్టిగా అనలేదు. ఇస్త్రీ ఇవాళ వద్దు అన్నట్టే అన్నారు. అని, చీర కుచ్చిళ్లు చెక్కలకి తగలకుండా ఎత్తిపట్టుకుని పైకి వెళ్లిపోయారు.

ఆ మాట వినగానే చిట్టికి మొదట కలిగింది సంతోషమే. మొహం మీదికి వచ్చేసింది కూడా. తన భర్త తననే చూస్తున్నాడని ఆ తర్వాత గమనించింది.